సవరణ, నాలుగో పేజీ

పందొమ్మిదేళ్లు ప్రూఫులు దిద్దాను.
'కక్ష్య'లో తిరగాల్సిన నౌక
'కక్ష'లో తిరుగుతోందని పడితే
ఊడిన యవత్తు వెతికి తెచ్చి అతికించి
అంతరిక్షంలో పగలన్నీ చల్లార్చింది నేనే.

మూడు వందల కిలోమీటర్ల ఎత్తు
ఒకసారి మూడు వందల మీటర్లయింది.
ఆ లెక్కన మా రాగి కార్ఖానా పొగగొట్టం ఎక్కి
చెయ్యి ఊపితే
లోపలివాళ్లు తిరిగి ఊపేవాళ్లు.

చంద్రుణ్ణి తలకిందులుగా అచ్చేశాం ఒక సోమవారం.
ఒక్క ఫోనూ రాలేదు.
గుర్రాల సంత తేదీ తప్పు పడ్డ రోజు మాత్రం
ఆఫీసు మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు.

"రౌషన్, ఆకాశం సంగతి చూడొచ్చిందెవరు?
నేల మీద తప్పులు పట్టు చాలు"
అనేవాడు ఎడిటర్ సెయిత్‌కలి.
పడుతున్నాననే అనుకున్నాను.

ఆ అక్టోబరులో
మళ్లీ ఒక పేటిక గొడుగేసుకుని దిగింది.
రాజధాని నుంచి తంతి:
ముగ్గురూ క్షేమం,
నిర్జన మైదానంలో దిగారు.
నా ఎర్ర పెన్సిలు 'మైదానం' దగ్గర ఆగి
దీర్ఘం ఉందో లేదో చూసుకుని
ముందుకెళ్లిపోయింది.

మూడోనాడు ఒకతను వచ్చాడు.
కోటు నిండా గొర్రెల వాసన,
చంకలో నాలుగు మడతల మా పత్రిక,
మడతల్లో ఎండిన పెరుగుండలు.
పేరు ఒరిన్‌బాయ్ అన్నాడు.
గోరు లేని వేలు ఆ మాట మీద పెట్టి
"దీనికర్థం ఏంటమ్మా?"

మనుషులు లేని చోటు, అన్నాను.

"మరి నేను?"

కోపం లేదు గొంతులో.
కరెంటు బిల్లులో అంకె తప్పిందని
అడగడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"తప్పిపోయిన మేక కోసం వెళ్లి
మా కుందిజ్ చూసింది ముందు.
గడ్డి అక్కడక్కడా అంటుకుని ఉందట.
మా ఆవిడ ఫ్లాస్కుతో టీ పట్టుకెళ్లింది.
ఒకాయన చేతికి కప్పు బరువైపోయిందమ్మా,
అంత పైన తిరిగొచ్చిన చెయ్యి!
ఆవిడే తాగించింది.
హెలికాప్టర్లు ఆ తర్వాతే.
టీ సంగతి రాయలేదు, పోనీ.
మా అమ్మ ఆ గుట్ట పక్కనే ఉంది,
ఇరవయ్యారేళ్లుగా, మట్టిలో.
ఆమెనైనా లెక్కెయ్యాలా వద్దా?"

సెయిత్‌కలి కళ్లజోడు తుడుచుకున్నాడు.
"ఆ మాట మాది కాదు పెద్దాయనా.
పైనుంచి వచ్చింది."

"పైనుంచి చూస్తే అలాగే ఉంటుందేమో"
అన్నాడు ఒరిన్‌బాయ్,
పెరుగుండ ఒకటి నా బల్ల మీద పెట్టి.

ఆ రాత్రి పాత సంచికలన్నీ దించాను.
దుమ్ముకి తుమ్మొచ్చిన ప్రతిసారీ ఒక పేటిక దిగింది,
దిగిన ప్రతిసారీ అదే మాట.
నలభై ఒక్కసార్లు.
ప్రతి ప్రూఫు మూలా నా చేతిరాత: సరిచూడబడినది.

నేల విడిచి సాము చేసింది
వాళ్లు కాదు.

మర్నాడు నాలుగో పేజీలో
ఒంటె అమ్మకం ప్రకటన కింద వేశాం:
'గత మంగళవారం వార్తలో నిర్జనమని పడింది.
అక్కడ ఒరిన్‌బాయ్ కుటుంబం,
మొత్తం పదకొండు మంది ఉంటున్నారు.'
గుట్ట పక్కన ఆమె సంగతి
సెయిత్‌కలి కొట్టేశాడు. చోటు లేదట.
ఒంటెకి ఉంది.

మార్చిలో, మంచు బురదవుతున్న రోజుల్లో
బూట్లు తలుపు దగ్గర విదిలించుకుంటూ
మళ్లీ వచ్చాడు.
"మీరేసిన సవరణ తప్పు."

గుండె జారింది. ఏ ముక్క?

"పదకొండు కాదు, పన్నెండు.
మొన్న రాత్రే. ఆడపిల్ల."

పెన్సిలు చెక్కుకున్నాను.
పేరు అడిగాను.
తొందరపడొద్దని,
అక్షరం అక్షరం విడివిడిగా
చెప్పమన్నాను.